ఫైళ్లన్నిటికీ నాలుగక్షరాల తోక తగిలింది: ఫార్మాట్ కొట్టాలా, డబ్బు కట్టాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఇంట్లో వాడే విండోస్ కంప్యూటర్‌లో ఏదో సాఫ్ట్‌వేర్‌కి క్రాక్ (డబ్బు కట్టకుండా వాడుకునేందుకు చేసే దొంగ ఏర్పాటు) దింపుకుని నడిపారు. కాసేపటికి ఫొటోలు, వీడియోలు, వర్డ్ ఫైళ్లు అన్నిటి పేర్ల చివర నాలుగక్షరాల కొత్త ఎక్స్‌టెన్షన్ చేరింది. ఏదీ తెరుచుకోవడం లేదు. ప్రతి ఫోల్డర్‌లోనూ రీడ్‌మీ అనే టెక్స్ట్ ఫైల్ ఒకటి ప్రత్యక్షమైంది. 980 డాలర్లు కట్టమని, 72 గంటల్లోపు అయితే 490 చాలని అందులో ఉంది. యాంటీవైరస్ వేస్తే ఫైళ్లు తిరిగొస్తాయా, ఫార్మాట్ కొట్టాలా, డబ్బు కట్టడమే దిక్కా అన్నది ప్రశ్న.

సూటిగా చెప్తాను. యాంటీవైరస్‌తో ఫైళ్లు రావు. ఫార్మాట్ ఇప్పుడే వద్దు. డబ్బు కట్టకండి. వైరస్‌ని తీసెయ్యడం ఒక పని, ఫైళ్లు తిరిగి తెచ్చుకోవడం వేరే పని. రెండోది తేలేదాకా ఆ డిస్క్ మీద దేన్నీ చెరపకూడదు. ఇలా ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్‌ని రాన్సమ్‌వేర్ అంటారు. దాని చేతిలో పోయినవాటికన్నా, ఆ తర్వాత కంగారులో మనం చేతులారా పోగొట్టుకునేవే ఎక్కువ అని నా అభిప్రాయం. చక్కగా రిపేర్ అయ్యే వీడియోలున్న డిస్క్‌ని "ఎలాగూ పోయాయి కదా" అని ఫార్మాట్ చేసి విండోస్ ఎక్కించేస్తారు. అప్పుడు నిజంగానే పోతాయి.

మీరు చెప్పిన ఆనవాళ్లన్నీ (నాలుగక్షరాల తోక, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే రీడ్‌మీ ఫైల్, 980కి సగం 490, క్రాక్ ద్వారా రావడం) స్టాప్ డీజావూ అనే కుటుంబానికి అచ్చుగుద్దినట్టు సరిపోతున్నాయి. ఇళ్లలోని కంప్యూటర్లకు తగిలేవాటిలో ఏళ్లపాటు ఎక్కువగా కనిపించింది ఇదే. అందుకే దీని గురించే వివరంగా రాస్తాను. వేరే రకమైతే ఏం మారుతుందో అక్కడక్కడా చెప్తాను.

ముందుగా చెయ్యాల్సింది

నెట్ కేబుల్ లాగండి, వైఫై ఆపండి. రూటర్ ఆపేస్తే ఇంకా మంచిది. పెన్‌డ్రైవ్, బయటి హార్డ్‌డిస్క్, మెమరీ కార్డ్, కేబుల్‌తో తగిలించిన ఫోన్ ఏవి ఉన్నా పీకెయ్యండి. వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్ లాంటివి సింక్ అవుతుంటే, పాడైన ఫైళ్లు పైకెక్కి అక్కడున్న మంచివాటి స్థానంలో కూర్చుంటాయి. నెట్ తెగితే అదీ ఆగుతుంది.

కంప్యూటర్ ఆపెయ్యాలా, అలాగే ఉంచాలా? దీని మీద రకరకాలుగా చెప్తారు, ఎందుకంటే రెండింటికీ కారణాలున్నాయి. పని ఇంకా నడుస్తుంటే, అంటే డిస్క్ లైటు ఆగకుండా వెలుగుతూ కళ్లముందే ఫైళ్ల పేర్లు మారిపోతుంటే, ఆలోచించకండి. పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టి ఆపెయ్యండి. మిగిలినవి మిగులుతాయి. ఈ కుటుంబం చాలాసార్లు విండోస్ అప్‌డేట్ అవుతున్నట్టు ఒక దొంగ కిటికీ చూపించి, దాని వెనక తన పని చేసుకుంటుంది. 2016లో వచ్చిన పేట్యా అనే రాన్సమ్‌వేర్ అయితే కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేసి, డిస్క్ పరీక్ష జరుగుతున్నట్టు తెర చూపిస్తూ తాళం వేసేది. ఆ తెర కనబడగానే స్విచ్ ఆపినవాళ్లకు చాలావరకు దక్కాయి.

పని ముగిసిపోయి ఉంటే మాత్రం తొందర లేదు. మెమరీలో తాళంచెవి (ఫైళ్లను గిలకొట్టి, తిరిగి విప్పడానికి వాడే రహస్య సంఖ్య) తాలూకు ముక్కలు మిగిలి ఉండే అవకాశం కొన్ని రకాల్లో ఉంటుంది. 2017 మే 12న మొదలైన వానాక్రై అనే రాన్సమ్‌వేర్ విషయంలో సరిగ్గా అదే జరిగింది. పాత విండోస్‌లలో చెవిని తయారుచెయ్యడానికి వాడిన ప్రధాన సంఖ్యలు మెమరీలోంచి చెరిగిపోకుండా ఉండిపోయాయి. రీస్టార్ట్ చెయ్యనివాళ్లలో కొందరు వానాకివీ అనే ఉచిత పరికరంతో వాటిని వెలికితీసి ఫైళ్లు తెరుచుకోగలిగారు. డీజావూలో అలాంటి ఆశ పెట్టుకోలేం కాబట్టి మీరు నెట్ తీసేసి, రీడ్‌మీలోని బెదిరింపు నోటు ఫొటో ఫోన్‌తో తీసుకుని, ఆపేసినా నష్టం లేదు.

ఆపాక అదే విండోస్‌ని మళ్లీ ఆన్ చేసి వాడకండి. డీజావూ, పనులను వేళకు నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో "టైమ్ ట్రిగ్గర్ టాస్క్" అనే పేరుతో ఒక పని పెట్టుకుని, అయిదేసి నిమిషాలకోసారి తనను తాను లేపుకుంటుంది. "బ్యాకప్ ఉందిగా, కాపీ చేసుకుందాం" అని మంచి హార్డ్‌డిస్క్ తెచ్చి తగిలిస్తే అయిదు నిమిషాల్లో అదీ పోయిందని ఎంతోమంది మొత్తుకునేది ఇందుకే.

నిజంగా తాళం పడిందా?

బ్రౌజర్ తెరంతా కమ్ముకుని, సైరన్ మోగిస్తూ "మీ కంప్యూటర్ లాక్ అయింది, ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి" అనేది రాన్సమ్‌వేర్ కాదు. అది వట్టి వెబ్‌పేజీ. టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని మూసేస్తే కథ ముగుస్తుంది. ఇంకొన్ని ఊరికే ఫైళ్ల పేర్లు మార్చి బెదిరిస్తాయి.

తేడా తెలియాలంటే ఫైల్‌కి నకలు తీసి, ఆ నకలుని నోట్‌ప్యాడ్‌లో గానీ హెక్స్ ఎడిటర్‌లో (ఫైల్‌లోని బైట్లను ఉన్నవి ఉన్నట్టు చూపే ప్రోగ్రాము) గానీ తెరవండి. మంచి పీడీఎఫ్ ఫైల్ శాతం గుర్తుతో మొదలై, ఆ వెంటనే పీడీఎఫ్ అనే మూడక్షరాలు, ఓ అడ్డగీత, వెర్షన్ అంకె కనిపిస్తాయి. జిప్ ఫైళ్లు, కొత్త వర్డ్ ఫైళ్లు పీ, కే అనే రెండు అక్షరాలతో మొదలవుతాయి. తాళం పడితే అక్కడ అర్థంపర్థం లేని చెత్త ఉంటుంది. డీజావూలో ఓ తమాషా ఉంది. అది మొదటి 5 బైట్లను ముట్టుకోదు. పీడీఎఫ్‌లో శాతం గుర్తు, మూడక్షరాలు, అడ్డగీత కలిపితే సరిగ్గా అయిదు. అందుకని తాళం పడ్డ పీడీఎఫ్ కూడా మొదట్లో నిక్షేపంలా కనిపించి, వెర్షన్ అంకె ఉండాల్సిన చోటి నుంచి గందరగోళం మొదలవుతుంది. ఆ అయిదక్షరాలు చూసి "ఫైల్ బాగానే ఉంది, పేరు మారిస్తే చాలు" అనుకునేవాళ్లున్నారు. పేరు మార్చినంత మాత్రాన ఏదీ తెరుచుకోదు.

యాంటీవైరస్ ఎందుకు తెరవలేదు?

తాళం వేసే పద్ధతి రెండంచెలది. ఫైళ్లలోని సమాచారాన్ని ఏఈఎస్, సాల్సా20 లాంటి వేగమైన పద్ధతితో గిలకొడతారు. దాని తాళంచెవిని ఆర్ఎస్ఏ లాంటి జంట చెవుల పద్ధతితో మళ్లీ బిగిస్తారు. ఆ జంటలో బిగించే చెవి మాత్రమే మీ కంప్యూటర్‌కి వస్తుంది, విప్పే చెవి వాళ్ల దగ్గరే ఉంటుంది. యాంటీవైరస్ చెయ్యగలిగిందల్లా తాళం వేసినవాణ్ణి ఇంట్లోంచి గెంటడమే. చెవి వాడి జేబులోనే పోతుంది. చెవిని ఒక్కొక్కటే ప్రయత్నిస్తూ కనిపెట్టడమనేది, ఎన్ని కంప్యూటర్లు పెట్టినా, ఆచరణలో అయ్యే పని కాదు.

మరి డిక్రిప్టర్లు, అంటే తాళం విప్పే పరికరాలు, ఎలా వస్తున్నాయి? మూడు దారుల్లో: రాసినవాడు తప్పు చెయ్యాలి, పోలీసులు వాళ్ల సర్వర్లు పట్టుకోవాలి, లేదా వాళ్లే దుకాణం మూసేస్తూ చెవులు బయటపెట్టాలి. మూడూ జరిగాయి. 2016 మేలో టెస్లాక్రిప్ట్ అనే రాన్సమ్‌వేర్ నడిపినవాళ్లు ప్రధాన చెవిని తామే ఇచ్చేశారు. 2019లో గ్యాండ్‌క్రాబ్ అనే ఇంకో రకం మూతపడ్డాక దాని చెవులను ఎఫ్‌బీఐ విడుదల చేసింది.

ఏ రకమో, ఏ చెవో తేల్చుకోవడం

వేరే మంచి కంప్యూటర్‌లో ఐడీ రాన్సమ్‌వేర్ అనే సైట్ తెరిచి, బెదిరింపు నోటు, తాళం పడ్డ చిన్న ఫైల్ ఒకటి ఎక్కించండి. ఏ కుటుంబమో, ఉచితంగా తెరిచే మార్గం ఉందో లేదో చెప్తుంది. ఎక్కించే ఫైల్ మరీ సొంత విషయాలున్నది కాకుండా చూసుకోండి. యూరోపోల్, డచ్ పోలీసులు, భద్రతా సంస్థలు కలిసి 2016 జులైలో మొదలుపెట్టిన నో మోర్ రాన్సమ్ సైట్‌లో కూడా ఇదే పని చేసే పేజీ, దానితోపాటు డిక్రిప్టర్లూ ఉన్నాయి. ఎక్స్‌టెన్షన్ ఒక్కటే చూసి రకాన్ని తేల్చెయ్యకండి. ఒకే తోకని రెండు మూడు కుటుంబాలు వాడిన సందర్భాలున్నాయి.

డీజావూ అని తేలితే, మీ అదృష్టం ఎంతో చెప్పేది నోటు చివర్లో ఉండే పర్సనల్ ఐడీ. అక్షరాలు, అంకెలు కలిసిన పొడుగాటి వరస అది. దాని చివరి రెండూ చిన్నబడి టీ అక్షరం, 1 అంకె అయితే అది ఆఫ్‌లైన్ చెవి. తాళం వేసే సమయానికి వైరస్ తన సర్వర్‌ని అందుకోలేకపోతే, తనలో ముందే పెట్టుకున్న చెవిని వాడుతుంది. ఆ వెర్షన్ బారినపడి, ఇలాగే సర్వర్ అందని వాళ్లందరికీ అదే చెవి. వాళ్లలో ఒక్కరి ద్వారా ఆ చెవి పరిశోధకులకు చేరినా, మిగతావాళ్లందరి ఫైళ్లూ తెరుచుకుంటాయి. చివర టీ1 లేకపోతే అది ఆన్‌లైన్ చెవి. సర్వర్ మీ ఒక్కరి కోసం తయారుచేసింది. ఎవరి చెవి బయటపడ్డా మీకు పనికిరాదు.

ఒక్క నోటు చూసి ఆగిపోకండి. మధ్యలో నెట్ పోయి వస్తే కొన్ని ఫైళ్లకు ఆన్‌లైన్ చెవి, మరికొన్నిటికి ఆఫ్‌లైన్ చెవి పడతాయి. సీ డ్రైవ్‌లో సిస్టమ్ ఐడీ పేరుతో ఉండే ఫోల్డర్‌లో పర్సనల్ ఐడీ అనే టెక్స్ట్ ఫైల్ ఉంటుంది. అందులో ఒకటికన్నా ఎక్కువ వరసలుంటే ఈ కలగాపులగం జరిగినట్టే. ప్రతి ఫైల్ చివర్లో కూడా దానికి వాడిన ఐడీ రాసి ఉంటుంది. హెక్స్ ఎడిటర్‌లో చివరికి వెళ్తే కనిపిస్తుంది.

డీజావూకి ఎమ్సిసాఫ్ట్ సంస్థ 2019 అక్టోబర్‌లో ఉచిత డిక్రిప్టర్ ఇచ్చింది. 2019 ఆగస్టుకి ముందటి పాత వెర్షన్లకు అది బాగా పనిచేస్తుంది. అయితే ఒకే ఫైల్‌కి చెందిన మంచి కాపీ, తాళం పడ్డ కాపీ జతగా, 150 కిలోబైట్లకు మించినవి, ఇవ్వాల్సి ఉంటుంది. ఈమెయిల్లో ఎప్పుడో పంపిన ఫొటో ఇలాంటప్పుడు పనికొస్తుంది. కొత్త వెర్షన్లలో జతలతో పని జరగదు. చెవి ఎమ్సిసాఫ్ట్ దగ్గరుంటేనే తెరుచుకుంటుంది, అదీ ఆఫ్‌లైన్ చెవి అయితేనే. పరికరం నడిచేటప్పుడు నెట్ ఉండాలి. అందుకని దాన్ని రోగిష్టి విండోస్‌లో నడపకండి. మంచి కంప్యూటర్‌లో, నకలు డిస్క్ మీద (ఎలా తియ్యాలో కింద చెప్తాను) నడపండి. "ఆన్‌లైన్ ఐడీ, సాధ్యం కాదు" అంటే తలుపు మూసుకున్నట్టే. "ఆఫ్‌లైన్ ఐడీ, భవిష్యత్తులో వీలుకావచ్చు" అంటే నకలు జాగ్రత్తగా దాచుకుని, నెలకోసారి మళ్లీ ప్రయత్నించాలి.

ఒక హెచ్చరిక. వీడియోల కింద, వ్యాఖ్యల్లో "ఫలానా నిపుణుడు నా ఫైళ్లు తెరిచిపెట్టాడు, ఈ నంబరుకు సందేశం పెట్టండి" అనేవాళ్లంతా దొంగలే. ఆన్‌లైన్ చెవిని తెరుస్తామని చెప్పే కంపెనీల్లో కొన్ని గుట్టుగా నేరగాళ్లకే డబ్బు కట్టి, పైన తమ లాభం వేసుకుంటాయి. 2020లో అయితే డీజావూ డిక్రిప్టర్‌నంటూ వచ్చినదొకటి, ఉన్న తాళం మీద ఇంకో తాళం వేసింది. డిక్రిప్టర్‌ని తయారుచేసిన సంస్థ సైట్ నుంచి, లేదా నో మోర్ రాన్సమ్ నుంచి తప్ప ఎక్కడి నుంచీ దింపుకోవద్దు.

ఆన్‌లైన్ చెవి అయినా దక్కించుకోగలిగేవి

చాలామంది సలహాలు "ఆన్‌లైన్ ఐడీనా? అయితే ఇక లాభం లేదు" దగ్గర ఆగిపోతాయి. ఇక్కడే అసలు పని మొదలవుతుంది.

వేగంగా ముగించాలనే ఆత్రంలో డీజావూ పెద్ద ఫైళ్లను మొత్తం గిలకొట్టదు. మొదటి 150 కిలోబైట్లు మాత్రమే. అక్కడి నుంచి చివరిదాకా ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. కాబట్టి ఫైల్ ఎంత పెద్దదైతే అంత మంచిది.

వీడియోల సంగతి ముందు. 500 మెగాబైట్ల వీడియోలో 150 కిలోబైట్లంటే లెక్కలోకి రాని ముక్క. కాకపోతే ప్లేయర్‌కి మొదట్లో ఉండే పరిచయ సమాచారం దొరక్క ఆడదు. కెమెరాలు, ఫోన్లు తీసే ఎంపీ4 ఫైళ్లలో ఫ్రేముల పట్టిక తరచుగా చివర్లో ఉంటుంది, అది చెక్కుచెదరకుండా మిగులుతుంది. డిస్క్‌ట్యూనా వారి ఉచిత మీడియా రిపేర్ పరికరం ఈ పని కోసమే ఉంది. దానికి ఒక మాదిరి ఫైల్ కావాలి: అదే ఫోన్‌తో, అదే రిజల్యూషన్‌లో, అవే సెట్టింగులతో తీసిన మంచి వీడియో. ఇప్పుడు కొత్తగా పది సెకన్లు తీసినా చాలు. వేరే ఫోన్‌తో తీసిన మాదిరి ఇస్తే రంగులు చెదిరిపోవడమో, అసలు ఆడకపోవడమో జరుగుతుంది. అప్పుడు పరికరం మంచిది కాదని తిట్టుకుంటారు గానీ, తప్పు మాదిరిది. ఎంపీ3, వేవ్ లాంటి పాటల ఫైళ్లు కూడా దీనితో వస్తాయి, మొదటి కొన్ని సెకన్లు పోతాయంతే.

జిప్, రార్ లాంటి మూటలను సెవెన్ జిప్‌తో తెరవండి. అదనపు తోక తీసేసి, లోపలి ఫైళ్లను ఒక్కొక్కటే బయటికి తియ్యండి. మొదట్లో ఉన్న ఒకటి రెండు పాడై, తర్వాతివి వచ్చేస్తాయి. ఫోన్ ఫొటోలన్నీ కట్టి పెట్టిన 4 జీబీ జిప్ ఉందంటే దాదాపు అంతా దక్కినట్టే.

ఫొటోలు మధ్యరకం. నాలుగు మెగాబైట్ల జేపెగ్‌లో పోయేది సుమారు 4 శాతమే. కానీ బొమ్మను విప్పే పట్టికలు ఆ ముక్కలోనే ఉంటాయి. అదే కెమెరాతో తీసిన మాదిరి ఫొటో నుంచి పట్టికలు అరువు తెచ్చి అతికించే జేపెగ్ రిపేర్ పరికరాలున్నాయి. పై భాగంలో కొంత పట్టీ పోయి, రంగులు కాస్త తేడాపడి, మిగతా బొమ్మ వస్తుంది. వేల ఫొటోలకు ఇది ఓపికతో కూడిన పని, ముఖ్యమైనవి ఎంచుకుని చెయ్యండి.

వర్డ్ ఫైళ్ల విషయంలో ఆశ తక్కువ. 150 కిలోబైట్లలోపువి పూర్తిగా పోయినట్టే. పెద్దవాటిలో కూడా రాత సాధారణంగా మొదట్లోనే ఉంటుంది కాబట్టి పోతుంది. కొత్త వర్డ్ ఫైల్ లోపల జిప్ మూటే కాబట్టి సెవెన్ జిప్‌తో తెరిస్తే అందులో అతికించిన బొమ్మలు మాత్రం రావచ్చు.

చేతిలో ఉన్న డిస్క్‌నే చూస్తూ కూర్చోకుండా వేరే చోట్లా వెతకండి. ఈమెయిల్లో పంపినవాటి పెట్టె, వాట్సాప్‌లో పంపిన ఫొటోలు, పాత ఫోన్, పాత ల్యాప్‌టాప్. కెమెరా మెమరీ కార్డ్ ఖాళీ చేసి పెట్టుకున్నా పర్వాలేదు. కార్డ్‌లో చెరిపినవి, వాటిపై కొత్తవి రాయనంతవరకు, ఫొటోరెక్ అనే ఉచిత పరికరంతో తరచుగా తిరిగొస్తాయి. కంప్యూటర్ డిస్క్ మీద ఫొటోరెక్ ఫలితం వేరు. మంచి ఫైల్‌ని చెరిపి పక్కన తాళం వేసిన కాపీ రాసే రకాల్లో, అదీ పాత తరహా తిరిగే హార్డ్‌డిస్క్ అయితే, కొంత దొరుకుతుంది. ఉన్నచోటే తిరగరాసే రకాల్లో దొరకదు. ఎస్ఎస్‌డీ అయితే చెరిపిన చోటుని ట్రిమ్ అనే ఏర్పాటు త్వరగా తుడిచేస్తుంది కాబట్టి దాదాపు ఆశ వదులుకోవచ్చు.

విండోస్ తన దగ్గర దాచుకునే పాత నకళ్లను, అంటే షాడో కాపీలను, రాన్సమ్‌వేర్ చాలావరకు ముందే చెరిపేస్తుంది. అడ్మిన్ అనుమతి దొరక్కపోతే ఆ పని కుదరదు. ఆ నకళ్లను చూపే షాడో ఎక్స్‌ప్లోరర్‌తో ఓసారి చూడటంలో తప్పులేదు, పెద్దగా ఆశించకండి. క్లౌడ్ ఉన్నవాళ్లకు మాత్రం నిజమైన ఆశ ఉంది. మైక్రోసాఫ్ట్ 365 చందా ఉంటే వన్‌డ్రైవ్ మొత్తాన్ని గత 30 రోజుల్లో ఏ సమయానికైనా వెనక్కి తిప్పొచ్చు. గూగుల్ డ్రైవ్ పాత వెర్షన్లను సాధారణంగా 30 రోజులు ఉంచుతుంది. ఈ గడువు దాటకముందే వేరే కంప్యూటర్ నుంచి చూసుకోవాలి. వారం రోజులు డిక్రిప్టర్ల వెంట తిరిగి, 31వ రోజున క్లౌడ్ గుర్తొస్తే ఏం లాభం.

డబ్బు కడితే?

కట్టినవాళ్లలో కొందరికి చెవి వస్తుంది. అది అబద్ధమని చెప్పను. కానీ రాకపోతే అడిగే దిక్కుండదు. వచ్చినా అది పనిచేసే తీరు వాళ్ల దయ. 2021 మేలో అమెరికాలో కొలోనియల్ పైప్‌లైన్ సంస్థ 75 బిట్‌కాయిన్లు కట్టి డిక్రిప్టర్ తీసుకుంది. అది ఎంత నత్తనడక నడిచిందంటే, చివరికి సొంత బ్యాకప్‌లతోనే వ్యవస్థను నిలబెట్టుకోవాల్సి వచ్చింది. 2017 జూన్‌లో వచ్చిన నాట్‌పేట్యాలో అయితే విప్పే ఏర్పాటే లేదు. రాన్సమ్‌వేర్ వేషం వేసుకున్న విధ్వంసం అది, కట్టినదంతా బూడిదలో పోసిన పన్నీరే. డేటా ఎత్తుకెళ్లి "బయటపెడతాం" అని బెదిరించే ముఠాల మాట ఇంకా చులకన. 2024 ఫిబ్రవరిలో లాక్‌బిట్ అనే ముఠా సర్వర్లను పోలీసులు స్వాధీనం చేసుకున్నప్పుడు, డబ్బు కట్టినవాళ్ల డేటా కూడా చెరపకుండా అక్కడే ఉంది.

72 గంటల గడువు మనల్ని ఆలోచించనివ్వకుండా చేసే ఎత్తుగడ. ఆ సగం ధర తగ్గింపూ అంతే. గడువు ముగిస్తే ఫైళ్లు చెరిగిపోవు.

ఫైళ్లకన్నా ముందు చూడాల్సిన నష్టం ఒకటుంది

ఇది ఎవరూ అడగరు. డీజావూ ఒంటరిగా రాదు. విడార్, రెడ్‌లైన్, ఎజొరల్ట్ లాంటి పాస్‌వర్డ్ దొంగలను వెంటబెట్టుకుని వస్తుంటుంది. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు, కార్డు వివరాలు, క్రిప్టో వాలెట్లు, లాగిన్ కుకీలు (మీరు ముందే లాగిన్ అయ్యారని సైట్‌కి చెప్పే గుర్తులు), అన్నీ ఫైళ్లకు తాళం పడేలోపే బయటికి వెళ్లిపోయి ఉంటాయనే అనుకోండి. కాబట్టి ఫోన్ నుంచో మరో మంచి కంప్యూటర్ నుంచో మొదట ఈమెయిల్ పాస్‌వర్డ్, తర్వాత బ్యాంకు, ఆ తర్వాత మిగతావి మార్చండి. పాస్‌వర్డ్ మార్చడంతో ఆగకుండా "అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్" నొక్కండి. కొట్టేసిన కుకీతో పాస్‌వర్డ్ అవసరం లేకుండానే లోపలికి రావచ్చు, రెండంచెల తనిఖీ కూడా దాన్ని ఆపదు. ఈమెయిల్ సెట్టింగుల్లో మీకు తెలియని ఫార్వర్డింగ్ చిరునామా గానీ రికవరీ నంబరు గానీ చేరిందేమో చూడండి. ఇది ఈరోజే చెయ్యాలి, డిస్క్ సంగతి రేపు చూసుకోవచ్చు.

డిస్క్ నకలు, ఆపై కొత్త విండోస్

డిస్క్ ఊడదీసి మంచి కంప్యూటర్‌కి తగిలించండి, లేదా లైనక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చెయ్యండి. తాళం పడ్డ ఫైళ్లు, ఒకటి రెండు నోట్లు, సిస్టమ్ ఐడీ ఫోల్డర్ వేరే డిస్క్‌కి కాపీ చెయ్యండి. చోటుంటే మొత్తం డిస్క్‌కే ఇమేజ్, అంటే అచ్చు నకలు, తీయడం ఉత్తమం. ప్రోగ్రాములు, క్రాక్‌లు కాపీ చెయ్యకండి. తాళం పడ్డ ఫొటోలు, డాక్యుమెంట్ల వల్ల వైరస్ అంటదు, అవి వట్టి గిలకొట్టిన డేటా.

ఆ తర్వాతే ఫార్మాట్. మంచి కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్‌తో కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద ఇన్‌స్టలేషన్ తయారుచేసుకుని, సెటప్‌లో ఆ డిస్క్ మీదున్న పార్టిషన్లన్నీ తీసేసి ఎక్కించండి. డీ డ్రైవ్‌ని వదిలేసి సీ ఒక్కటే ఫార్మాట్ చేస్తే, డీలో పడి ఉన్న క్రాక్‌ని నొక్కి రెండోసారి అంటించుకునేవాళ్లుంటారు. ఫార్మాట్ చెయ్యకుండా యాంటీవైరస్‌తో శుభ్రం చేసుకోవడం సాధ్యమే గానీ, పాస్‌వర్డ్ దొంగ కూడా వచ్చిన ఇంట్లో అంత నమ్మకం మంచిది కాదు. ఒకవేళ పాత విండోస్‌తోనే ఉండి, భద్రతా సైట్లు తెరుచుకోవడం లేదంటే హోస్ట్స్ ఫైల్ (ఏ సైట్ పేరుకి ఏ చిరునామాకు వెళ్లాలో విండోస్ ముందుగా చూసుకునే ఫైల్) చూడండి. డీజావూ అందులో ఆ సైట్ల పేర్లు రాసి దారి మూసేస్తుంది.

కొత్త విండోస్‌లో డిఫెండర్‌ని, అంటే దానితోపాటే వచ్చే యాంటీవైరస్‌ని, ఆపమని అడిగే ఏ ఇన్‌స్టాలర్‌నీ నడపకండి. మీకిది వచ్చిన దారి అదే అయ్యుంటుంది. అందులోని కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే, తెలియని ప్రోగ్రాములు డాక్యుమెంట్లు, పిక్చర్లు ముట్టుకోకుండా అడ్డుపడుతుంది. మొదట్లో మంచి ప్రోగ్రాములనూ ఆపి విసిగిస్తుంది, ఒక్కొక్కటే అనుమతిస్తే సర్దుకుంటుంది. బ్యాకప్ డిస్క్‌ని పని అయ్యాక పీకి పక్కన పెట్టండి. ఎప్పుడూ తగిలించే ఉంచిన డిస్క్ వైరస్ దృష్టిలో ఇంకో డ్రైవ్ మాత్రమే.

ఆఫీసు నెట్‌వర్క్ అయితే

ఇది చదువుతున్నవాళ్లలో ఆఫీసువాళ్లుంటే, పైన చెప్పినది మీకు పూర్తిగా వర్తించదు. అక్కడ తాళం పడటం చివరి అంకం. రిమోట్ డెస్క్‌టాప్ ద్వారానో వీపీఎన్ ద్వారానో రోజుల ముందే మనుషులు లోపలికొచ్చి, డేటా ఎత్తుకెళ్లి, బ్యాకప్ సర్వర్‌ని కూడా పాడుచేసి అప్పుడు తాళం వేస్తారు. యంత్రాలను నెట్‌వర్క్ నుంచి విడదీయండి, ఆపకండి, మెమరీ నకలు తియ్యించండి, సంఘటనల దర్యాప్తు తెలిసినవాళ్లను పిలవండి. వ్యక్తుల డేటా పోయి ఉంటే చట్టప్రకారం తెలియజెయ్యాల్సిన గడువు ఉంటుంది, దాన్ని కనుక్కోండి. షేర్ ఫోల్డర్ ఒక్కటే పాడై, ఏ కంప్యూటర్ నుంచి జరిగిందో తెలియకపోతే, ఆ ఫోల్డర్‌లోని బెదిరింపు నోటు ప్రాపర్టీస్ తెరిచి, సెక్యూరిటీలో ఓనర్ ఎవరో చూడండి. ఏ ఖాతా నుంచి ఆ ఫైల్ రాశారో సాధారణంగా అక్కడ పేరుతో సహా కనిపిస్తుంది. సర్వర్‌ని పట్టుకుని గంటలు వెతికేకన్నా ఇది అర నిమిషం పని.

మీ విషయానికొస్తే, ఇప్పుడు ఐడీ చివర టీ1 ఉందో లేదో చూసి ఇక్కడ రాయండి, పూర్తి ఐడీ అక్కర్లేదు. మీకు కావాల్సినవి ఎక్కువగా వీడియోలా, ఫొటోలా, వర్డ్ ఫైళ్లా అన్నది కూడా చెప్పండి, దాన్నిబట్టి ఎక్కడ మొదలుపెట్టాలో చెప్తాను. రిపేర్‌తో రానివి ఉన్న డిస్క్‌ని అల్మరాలో పెట్టేముందు దాని మీద ఓ కాగితం అంటించి తేదీ, నాలుగక్షరాల తోక, పర్సనల్ ఐడీ రాయండి. చెవి ఎప్పుడైనా బయటపడితే ముందు అడిగేవి ఆ మూడే.